మ్యూట్ శ్రుతి కార్కు దగ్గరే ఉంది

ట్రంపెట్ నేర్చుకునేవాళ్లు మొదటి మ్యూట్ కొన్న రోజు దాదాపు అందరూ చేసే పని ఒకటే. పెట్టెలోంచి తీస్తారు, బెల్లులో దూరుస్తారు, గట్టిగా ఊదుతారు. వచ్చిన నాదం విని మొహం చిన్నబోతుంది. రికార్డుల్లో విన్న ఆ పదునైన, దూరాన్నించి వస్తున్నట్టుండే స్వరం ఎక్కడా ఉండదు. గొంతు పట్టేసినట్టు ఉంటుంది. పైగా పక్కన కీబోర్డు వాయిస్తున్న మనిషి తలెత్తి చూసేంత శ్రుతి తేడా. దాంతో కొందరు తమ పెదవిని తప్పుపట్టుకుంటారు, కొందరు ఇంకా ఖరీదైన మ్యూట్ కోసం వెతుకుతారు.

రెండూ అక్కర్లేదు. చాలా మ్యూట్లు కొట్లోంచి సగం తయారై వస్తాయి. ఒక్కో ట్రంపెట్ బెల్లు ఒంపు ఒక్కోలా ఉంటుంది కాబట్టి కార్కు ముక్కల్ని కాస్త మందంగానే వదిలేస్తారు. రెడీమేడ్ చొక్కా కొని దర్జీ దగ్గర పట్టించుకుంటాం కదా, మ్యూట్‌నీ అలాగే మన బెల్లుకి పట్టించుకోవాలి. ఇంట్లో కూర్చుని ఒక సాయంత్రంలో చేసుకోగలిగిన పని. తొందరపడకపోతే చాలు.

సామాను పెద్దగా ఏమీ లేదు. హార్డ్‌వేర్ కొట్లో ఉప్పుకాగితం రెండు రకాలు తెచ్చుకోండి, 120 నంబరు ఒకటి, 220 నంబరు ఒకటి. ఒక సుద్దముక్క. పెయింటర్లు గోడ అంచులకు అంటించే మాస్కింగ్ టేపు. పెన్సిలు, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, ఒక నోట్‌బుక్కు. ఫోనులో ట్యూనర్ యాప్, దానితోపాటు శ్రుతిపెట్టె గానీ తంబూరా యాప్ గానీ. ఈ చివరి రెండింట్లో ఏదో ఒకటి మాత్రం తప్పనిసరి. ఎందుకో ఇంకాసేపట్లో తెలుస్తుంది.

ఏ మ్యూట్ ఎటు లాగుతుంది

మొదట్లో మూడు రకాలు తెలిస్తే సరిపోతుంది.

స్ట్రెయిట్ మ్యూట్ శంకువు ఆకారంలో ఉంటుంది. దాని ఒంటికి నిలువుగా మూడు కార్కు పట్టీలు. ఆ పట్టీలే మ్యూట్‌ని బెల్లుకి ఆనించి పట్టుకుంటాయి, వాటి మధ్య సందుల్లోంచి గాలి, నాదం బయటికి పోతాయి. పాశ్చాత్య నోటేషన్‌లో ఏ మ్యూటో చెప్పకుండా ఊరికే మ్యూట్ పెట్టమని రాసి ఉంటే ఇదే పెట్టాలి. అల్యూమినియంది అయితే స్వరం మెరుస్తుంది, ఫైబర్‌ది అయితే కొంచెం మెత్తబడుతుంది.

కప్ మ్యూట్ అంటే స్ట్రెయిట్ మ్యూట్ చివర ఒక గిన్నె తగిలించినట్టు ఉంటుంది, గిన్నె నోరు బెల్లు వైపు తిరిగి. స్వరాన్ని దుప్పటి కప్పినట్టు మెత్తగా చేస్తుంది. దీనికీ మూడు పట్టీలే.

హార్మన్ మ్యూట్ వేరే జాతి. లోహపు డబ్బా, మెడ చుట్టూ తెగకుండా ఒకే కార్కు వలయం. పక్క సందులు లేవు కాబట్టి ఊదిన గాలంతా డబ్బాలోంచే వెళ్లాలి. మధ్యలో ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని లోపలికి తోయొచ్చు, బయటికి లాగొచ్చు, పూర్తిగా తీసేయొచ్చు. 1950ల్లో మైల్స్ డేవిస్ ఆ గొట్టం తీసేసి, మ్యూట్‌ని మైకుకి బాగా దగ్గరగా పెట్టి వాయించిన తీరే జాజ్‌లో ఈ మ్యూట్‌కి శాశ్వతమైన గొంతు ఇచ్చింది.

నోట్‌బుక్కు మొదటి పేజీలో ఇది రాసుకోండి: స్ట్రెయిట్ మ్యూట్ శ్రుతిని పైకి లాగుతుంది, హార్మన్ కూడా పైకే, కప్ మ్యూట్ సాధారణంగా కిందికి. ఎంత అన్నది మీ ట్రంపెట్, మీ మ్యూట్, మీ కార్కు కలిసి తేలుస్తాయి.

మ్యూట్ శ్రుతిని మారుస్తుందన్న సంగతి వాయించేవాళ్లకి నాలుగు వందల ఏళ్ల కిందటే తెలుసు. 1607 నాటి తన 'ఓర్ఫెయో' ఒపెరా మొదట్లో వచ్చే టొకాటాకి మోంటెవెర్డి, ట్రంపెట్లు మ్యూట్లతో వాయిస్తే మొత్తం ఒక స్వరం ఎత్తులో వాయించాలని స్కోరు మీదే రాశాడు. ఒక స్వరం అంటే మన లెక్కలో షడ్జం నుంచి చతుశ్రుతి రిషభం దాకా. అప్పటి మ్యూట్లు బెల్లుని అంత గట్టిగా మూసేవి. ఇప్పటి మ్యూట్లలో ఆ లాగుడు చాలావరకు తగ్గింది. మిగిలిపోయిన కొంచెమే మనం సరిచేసుకోవాల్సింది.

ముందు మ్యూట్ లేకుండా

ఇక్కడ తప్పటడుగు వేస్తే తర్వాత చేసిందంతా వృథా. చల్లగా ఉన్న ట్రంపెట్‌కి మ్యూట్ పెట్టి ట్యూనర్ చూడకండి. పది నిమిషాలు మామూలుగా వాయించండి. లోపలి గాలి వెచ్చబడేకొద్దీ శ్రుతి పైకి వెళ్తుంది, ఎందుకంటే వెచ్చటి గాలిలో నాదం వేగంగా నడుస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి దాదాపు మూడు సెంట్లు పెరుగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం సెంటు. వాద్యం లోపలి గాలిని మన ఊపిరి కూడా వెచ్చబెడుతుంది కాబట్టి బయటి వేడిలో ఎంత తేడా ఉంటే అంత తేడా పూర్తిగా శ్రుతిలో కనిపించదు. అయినా మే నెలలో విజయవాడలో మేడమీద గదిలో కుదిరిన శ్రుతి ఏసీ హాల్లో అలాగే ఉంటుందని నమ్ముకోకండి.

ఇప్పుడు మ్యూట్ లేకుండా ట్రంపెట్ శ్రుతి చేయండి. మన చేతుల్లో ఎక్కువగా ఉండేది బీ ఫ్లాట్ ట్రంపెట్. దాని మీద వాల్వులేవీ నొక్కకుండా వచ్చే మధ్య 'సీ' వాయిస్తే కీబోర్డు మీద పలికేది బీ ఫ్లాట్, 466 హెర్ట్‌జ్. కర్ణాటక సంగీతం లెక్కలో ఇది ఆరున్నర శ్రుతి.

శ్రుతిపెట్టె అక్కరకొచ్చేది ఇక్కడే. దాన్ని ఆరున్నరకి పెట్టి, దాని మీద ఆ 'సీ'ని నిలపండి. రెండు స్వరాలూ కలవకపోతే మధ్యలో ఊగుతున్నట్టు అలలు వినిపిస్తాయి. సెకనుకి మూడు అలలు వస్తే మీరు దాదాపు 11 సెంట్లు దూరంలో ఉన్నారని లెక్క. ఒక్క అల వస్తే నాలుగు సెంట్ల లోపే. అలలు నెమ్మదించి ఆగిపోతే కలిసినట్టు. ట్యూనర్ ముల్లు ఎటు జరగాలో చెప్తుంది గానీ వినడం నేర్పదు. తంబూరా పక్కన కూర్చుని పాడిన అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. మ్యూట్ అంటే ఏమిటో తెలియకపోయినా తేడా వాళ్ల చెవికి ముందే తగులుతుంది. నా అనుభవంలో ట్యూనర్ కంటే వాళ్ల మాటే ఎక్కువసార్లు పనికొచ్చింది.

ఇది కుదిరాక ట్యూనింగ్ స్లైడ్ ఎంత బయటికి ఉందో స్కేలుతో కొలిచి రాసుకోండి. తర్వాత చేసే లెక్కలన్నీ ఈ అంకె నుంచే.

మ్యూట్ పెట్టే పద్ధతి

చాలామంది దీన్ని అసలు ఒక పనిగానే చూడరు. ఒకసారి క్రిస్మస్ కార్యక్రమంలో మూడో పాట మధ్య నా మ్యూట్ జారి చెక్క వేదిక మీద పడింది. పాడుతున్న పిల్లలు ఉలిక్కిపడి ఆగిపోయారు. మ్యూట్ కొత్తది, నేను కార్కుని ముట్టుకోనైనా లేదు. పై అంచు ఒక్కటే బెల్లుకి తగులుతూ ఉంది, మిగతా పట్టీ గాలిలో ఉంది. ఆ రోజు నుంచి కార్కు పని చేయకుండా ఏ మ్యూట్‌నీ వేదిక మీదికి తీసుకెళ్లలేదు.

పద్ధతి ఇది. పెట్టే ముందు బెల్లులోకి ఒకసారి నోటితో వెచ్చగా ఊపిరి వదలండి, అద్దం తుడిచేటప్పుడు వదిలినట్టు. ఆ సన్నటి తడికి కార్కు పట్టుకుంటుంది. మ్యూట్‌ని నిటారుగా లోపలికి పంపి, ఆనాక కొద్దిగా మెలితిప్పండి, సీసా మూత బిగించే చివరి మలుపులా. తీసేటప్పుడు అదే మెలిక వెనక్కి. లోపలికి గుద్దకండి. గుద్దితే కార్కు నలిగిపోతుంది, లేదా మ్యూట్ ఇరుక్కుపోయి లాగేటప్పుడు బెల్లు వంగుతుంది. సరిగా పట్టిందో లేదో చూడాలంటే మంచం మీద ట్రంపెట్‌ని బెల్లు కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా ఊపండి. పడకూడదు.

కొలవడం

మ్యూట్ పెట్టి అయిదు స్వరాలు చూడండి. నోటేషన్‌లో కింది 'సీ', దాని పైన 'జీ', మధ్య 'సీ', ఆ పైన 'ఈ', 'జీ'. ఒక్కో స్వరాన్ని నాలుగు సెకన్లు, మామూలు బలంతో. ట్యూనర్‌ని చూసి పెదవితో సర్దకండి. ముందు కళ్లు మూసుకుని వాయించండి, స్వరం నిలిచాక కళ్లు తెరిచి అంకె చూడండి. ప్రతి స్వరం ఎన్ని సెంట్లు పైకో కిందికో రాసుకోండి. ఇదే వరసని మ్యూట్ లేకుండానూ చేసి పక్క వరసలో రాయండి. రెండు వరసల మధ్య తేడాయే మ్యూట్ చేసే పని. ట్రంపెట్‌కి పుట్టుకతోనే కొన్ని స్వరాలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, పైన చెప్పిన ఆ 'ఈ' సహజంగానే కాస్త కిందికి పలుకుతుంది. ఆ తప్పుని మ్యూట్ నెత్తిన వేయకూడదు.

ఇప్పుడు తేడాల వరస చూడండి. అయిదు స్వరాలూ దాదాపు ఒకే మోతాదులో పైకి వెళ్లి, నాదం మాత్రం బాగుంటే, కార్కు ముట్టుకోనక్కర్లేదు, ట్యూనింగ్ స్లైడ్‌తో సరిపోతుంది. ఒక స్వరం ఒకలా ఇంకోటి ఇంకోలా ఉన్నా, నాదం బిగుసుకుపోయినట్టున్నా, ఏదైనా స్వరం దగ్గర గడగడమన్నా కార్కు దగ్గరికి వెళ్లాలి. కింది స్వరాలు ఒణికితే మాత్రం పూర్తిగా కార్కు తప్పు అనుకోకండి. మ్యూట్ కూడా ఒక గాలి గది, దానికి తనదైన ఒక కింది స్వరం ఉంటుంది, ట్రంపెట్ కింది స్వరాలతో అది పేచీ పెట్టుకుంటుంది. స్ట్రెయిట్ మ్యూట్‌తో కిందికి దిగేటప్పుడు గాలిని ఇంకా నిదానంగా, ఇంకా నిండుగా పంపడం తప్ప దీనికి పెద్ద చిట్కా లేదు.

కార్కు పని

ఈ పనిలో ఒకటే సూత్రం. కార్కు తీయడం తేలిక, తిరిగి పెట్టడం కష్టం. అందుకే మందంగా ఉంటే ఎలా ఉంటుందో ముందు చూద్దాం, పల్చన చేయడం తర్వాత.

మాస్కింగ్ టేపుని చిన్న ముక్కలుగా చింపి మూడు పట్టీల మీదా ఒక్కో పొర అంటించండి. ఇప్పుడు మ్యూట్ కాస్త బయటికి కూర్చుంటుంది. మళ్లీ అయిదు స్వరాలు కొలవండి. నాదం తెరుచుకుని శ్రుతి దారికొస్తే మీ మ్యూట్‌కి పల్చన కార్కు కాదు, మందం కావాలి. అలాంటప్పుడు ఉప్పుకాగితాన్ని పక్కన పెట్టేయండి, కొత్త కార్కు వేసే సంగతి కింద చెప్తాను. టేపుతో ఇంకా చెడిందనుకోండి, పని పల్చన చేయడంలోనే ఉంది. టేపు తీసేయండి.

తర్వాత సుద్ద పరీక్ష. సుద్దపొడిని వేలికి అద్దుకుని బెల్లు లోపలి అంచు నుంచి రెండు మూడు అంగుళాల లోతుదాకా పల్చగా రాయండి. మ్యూట్ పెట్టి, కొంచెం మెలితిప్పి తీయండి. కార్కు మీద తెల్లటి గుర్తులు ఎక్కడ పడ్డాయో అక్కడే అది బెల్లుని తాకుతోంది. కొత్త మ్యూట్లలో మామూలుగా కనిపించేది ఇది: పట్టీ పై కొసలోనో కింది కొసలోనో మచ్చ పడుతుంది, మధ్యంతా ఖాళీ. ఇంకో తరహా, మూడు పట్టీల్లో ఒకటి మిగతా రెండింటి కంటే ఎత్తుగా ఉండి మ్యూట్ ఒక పక్కకి వాలి కూర్చుంటుంది. మ్యూట్ వాలితే సందులు ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు, నాదం ఒక దిక్కున కుంటుతుంది. దాన్ని ముందు సరిచేయాలి.

రుద్దడం 120 నంబరుతో మొదలుపెట్టండి. తెల్లమచ్చ పడిన చోటే, ఒకే దిశలో, నాలుగైదు సార్లు, వేలితో ఒత్తకుండా. మళ్లీ సుద్ద, మళ్లీ చూడండి. మచ్చ పట్టీ పొడవునా పరుచుకునేదాకా ఇలాగే. దీనికి అరగంట పట్టినా పట్టనివ్వండి.

బెల్లు ఒంపుకి సరిగా కుదరాలంటే ఇంకో ఉపాయం ఉంది. పల్చటి పాత గుడ్డ ఒకటి బెల్లులో పరిచి, దాని మీద ఉప్పుకాగితాన్ని గరుకు వైపు మీకు కనిపించేలా ఉంచి, మ్యూట్‌ని అందులో పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పండి. కార్కు బెల్లు ఆకారంలోనే అరుగుతుంది. గరుకు పొరపాటున కూడా బెల్లుకి తగలకూడదు, లాకరు గీసుకుపోతే తిరిగి రాదు. చివర్లో 220 నంబరుతో ఒక రెండు చేతులు, నున్నబడటానికి.

ఇక అసలు మాట. తాకిడి సమానమయ్యాక కూడా నాదం బిగుతుగా ఉంటే మూడు పట్టీలనీ సమానంగా, ఒక్కోదానికి అయిదేసి రుద్దులు ఇచ్చి ఆగండి. లెక్కపెట్టండి. ఒక పట్టీకి ఆరు, ఇంకోదానికి నాలుగు అయితే మళ్లీ వాలు మొదలు. ప్రతి విడత తర్వాతా అయిదు స్వరాలు కొలిచి రాయండి. కార్కు పల్చబడితే మ్యూట్ లోతుగా దిగుతుంది, సందు ఇరుకవుతుంది. దానికి శ్రుతి ఎటు వెళ్తుందన్నది మ్యూట్ ఒంపునీ బెల్లు ఒంపునీ బట్టి ఉంటుంది. అందుకే ఇక్కడ ఎవరి అంకెలనీ అరువు తెచ్చుకోకండి, మీ నోట్‌బుక్కు చెప్పేదే వినండి. ఒక విడతలో అంకెలు మెరుగుపడి తర్వాతి విడతలో చెడటం మొదలైతే అక్కడికి ఆపేయాలి. ఇంకొంచెం బాగుపడుతుందేమో అనిపించే చోటే చాలామంది కార్కు పాడుచేసుకుంటారు.

కప్ మ్యూట్ దగ్గర స్కేలు తీయండి

కప్ మ్యూట్‌కి పై పనంతా వర్తిస్తుంది గానీ ఇందులో ఇంకో కొలత ఉంది. గిన్నె అంచుకీ బెల్లు అంచుకీ మధ్య ఎడం. కార్కు అరిగేకొద్దీ గిన్నె బెల్లుకి దగ్గరవుతుంది, స్వరం మెత్తబడుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది. గిన్నె బెల్లుని తాకిందంటే నాదం గోడ అవతల్నించి వస్తున్నట్టే. కొత్త కప్ మ్యూట్లలో ఎడం తరచుగా ఎక్కువ ఉంటుంది, దాంతో గిన్నె ఉన్నా లేనట్టే, సన్నటి స్ట్రెయిట్ మ్యూట్ గొంతు వినిపిస్తుంది.

మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల మధ్య ఎడం మంచి చోటు. ఆరు దగ్గర మొదలుపెట్టి, చెవికి నచ్చేదాకా కొంచెం కొంచెంగా దించండి. ఎడం బెల్లు చుట్టూ ఒకేలా ఉందో లేదో నాలుగు చోట్ల కొలవండి. ఒక చోట మూడు, ఎదురుగా అయిదు వస్తే ఏదో ఒక పట్టీ ఎత్తుగా ఉన్నట్టే. మైకు ముందు వాయించేవాళ్లు దగ్గరగా, హాల్లో మైకు లేకుండా వాయించేవాళ్లు కాస్త దూరంగా ఉంచుకుంటే మేలు. డెనిస్ విక్ లాంటి వాళ్లు చేసే కొన్ని కప్ మ్యూట్లలో గిన్నెని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. మొదటి కప్ మ్యూట్ కొనబోయేవాళ్లకి నేను అదే చెప్తాను. ఎడం మారిస్తే స్వరం ఎలా మారుతుందో కార్కు కోల్పోకుండా నేర్చుకోవచ్చు.

హార్మన్ వేరు

హార్మన్ కార్కుని ఉప్పుకాగితంతో ముట్టుకునే ముందు పదిసార్లు ఆలోచించండి. అక్కడ సందు ఉండకూడదు. వలయంలో సన్నటి పగులు ఉన్నా, ఒక చోట బెల్లుని తాకకపోయినా గాలి పక్కనుంచి జారి ఆ సన్నటి గుసగుస స్వరం చెదిరిపోతుంది. సుద్ద పరీక్షలో తెల్లటి ఉంగరం తెగకుండా రావాలి. తెగిన చోట కార్కు పల్చగా ఉందని అర్థం. అలాంటప్పుడు మిగతా చుట్టూ కొద్దిగా అరగదీసి సమం చేయాలి, లేదా వలయం మార్చాలి.

శ్రుతిని ఇక్కడ ట్యూనింగ్ స్లైడ్‌తో చూసుకోండి. నాదాన్ని మధ్య గొట్టంతో. గొట్టం పూర్తిగా లోపలుంటే ఒక గొంతు, సగం లాగితే ఇంకోటి, తీసేస్తే మూడోది. గొట్టం చివర చిన్న గిన్నెని ఎడమచేత్తో మూస్తూ తెరుస్తూ ఉంటే వచ్చేదే 'వావా'. గొట్టాన్ని జరిపిన ప్రతిసారీ శ్రుతి మళ్లీ చూడాలి. గొట్టం వదులుగా ఉండి జరజరమంటే దాని మొదట్లో ఒక్క చుట్టు పల్చటి కాగితపు టేపు చాలు.

గాలి ఎదురుతన్నడం హార్మన్‌లో ఎక్కువ. దాన్ని గెలవాలని బలంగా ఊదితే శ్రుతి ఇంకా పైకి పోతుంది. తక్కువ బలంతో, మైకుని దగ్గరగా పెట్టుకుని వాయించాల్సిన మ్యూట్ ఇది.

స్లైడ్ లెక్క

బీ ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం మొత్తం పొడవు సుమారు 148 సెంటీమీటర్లు. ట్యూనింగ్ స్లైడ్ 'యు' ఆకారంలో ఉంటుంది కాబట్టి దాన్ని 5 మిల్లీమీటర్లు లాగితే రెండు కాళ్లూ కలిపి గొట్టం ఒక సెంటీమీటరు పెరుగుతుంది. దానికి శ్రుతి దాదాపు 11, 12 సెంట్లు దిగుతుంది. ఈ లెక్క చేతికొస్తే వేదిక మీద కంగారుండదు. స్ట్రెయిట్ మ్యూట్ మీకు 12 సెంట్లు పైకి లాగుతోందని నోట్‌బుక్కులో ఉందా, మ్యూట్ పెట్టే చేత్తోనే స్లైడ్ 5 మిల్లీమీటర్లు లాగండి. తీసేటప్పుడు తిరిగి లోపలికి. స్లైడ్ మీద పెన్సిలుతో రెండు సన్నటి గీతలు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కప్ మ్యూట్‌కి ఇదే లెక్క తిరగేసి. అందుకే మ్యూట్ లేనప్పుడు స్లైడ్ పూర్తిగా లోపలికి నెట్టి ఉంచకండి. కప్ మ్యూట్ వచ్చినప్పుడు ఇంకా లోపలికి తోయడానికి కొంత చోటు మిగలాలి.

ఇంకో చోట కూడా చెయ్యి పనిచేయాలి. మొదటి, మూడో వాల్వులు కలిపి నొక్కే కింది 'డీ', మూడూ నొక్కే 'సీ షార్ప్' ట్రంపెట్ మీద మ్యూట్ లేకుండానే పైకి పలుకుతాయి. స్ట్రెయిట్ మ్యూట్ తోడైతే అది ఇంకా పెరుగుతుంది. మూడో వాల్వు స్లైడ్‌ని ఉంగరపు వేలితో బయటికి తోయడం అలవాటు లేనివాళ్లు మ్యూట్ పట్టుకోకముందే ఆ అలవాటు చేసుకోవాలి.

మ్యూట్ పెట్టడానికి ఎంత సమయం ఉందో కూడా ముందే చూసుకోండి. దెబ్యూసీ 1899లో పూర్తిచేసిన 'నాక్టర్న్స్'లో రెండో భాగంలో మూడు ట్రంపెట్లు మ్యూట్లతో, వినీవినపడనంత మెల్లగా మొదలవుతాయి, దూరాన ఊరేగింపు దగ్గరికొస్తున్నట్టు. ఆ మొదటి స్వరం శ్రుతిలో పడాలంటే మ్యూట్ ఆఖరి క్షణంలో కాదు, విరామం మొదలైన వెంటనే పెట్టి, లోపలి గాలి చల్లబడకుండా శబ్దం రాకుండా ఊపిరి పంపుతూ ఉండాలి.

కొత్త కార్కు

మందం కావాలని తేలినా, ఎక్కువ అరగదీసినా, పాత కార్కు ఎండి పొడిపొడిగా రాలుతున్నా కొత్తది వేసుకోవాలి. క్రాఫ్టు సామాను అమ్మే కొట్లలో కార్కు షీట్లు దొరుకుతాయి. మెకానిక్కులు గ్యాస్కెట్లకి వాడే రబ్బరు కలిసిన కార్కు గట్టిది, అది వద్దు. పాత పట్టీని బ్లేడుతో మెల్లగా ఒలిచి, దాని మందం, పొడవు కొలిచి, కొత్తది దానికంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ మందంగా కత్తిరించండి. అతికించడానికి వడ్రంగులు సన్‌మైకాకి వాడే రబ్బరు జిగురు సరిపోతుంది. మ్యూట్‌కీ కార్కుకీ రెండింటికీ పల్చగా రాసి, చేతికి అంటనంతగా ఆరాక ఒకేసారి ఒత్తేయాలి. సరిగ్గా ఎక్కడ పెట్టాలో ముందే పెన్సిలుతో గీసుకోండి, ఒకసారి అంటుకుంటే జరపలేం. కిటికీలు తీసి ఉంచండి, ఆ వాసన మంచిది కాదు. ఒక రాత్రి వదిలేసి మర్నాడు సుద్ద పరీక్షతో మొదలుపెట్టండి. ఎండలో నిలిపిన కారులో మ్యూట్ వదిలేయకండి, ఆ వేడికి జిగురు మెత్తబడి పట్టీ జారుతుంది.

సాధన మ్యూట్, వీధి ట్రంపెట్

మన ఊళ్లలో ట్రంపెట్ ఎక్కువగా వినిపించేది పెళ్లి బ్యాండు మేళంలో. ఊరేగింపులో వీధి చివరిదాకా వినపడాలి కాబట్టి అక్కడ మ్యూట్‌కి చోటు లేదు. దశాబ్దాలుగా వాయిస్తున్న బ్యాండు కళాకారులు కూడా చాలామంది మ్యూట్ పట్టుకుని ఉండరు. వాళ్ల పిల్లలు అపార్టుమెంట్లలో సాధన చేయాల్సొచ్చినప్పుడు ఇంట్లోకి మొదట వచ్చేది సాధన మ్యూట్. అది బెల్లుని దాదాపు మూసేస్తుంది, శ్రుతిని పైకి లాగుతుంది, గాలిని వెనక్కి తన్నుతుంది. దాని కార్కుని లేదా రబ్బరు అంచుని అస్సలు అరగదీయకండి, మూసుకోవడమే దాని పని. సాధనలో సగమైనా మ్యూట్ లేకుండా వాయించే చోటు వెతుక్కోండి, డాబా మీదైనా, ఊరి చివర తోటలోనైనా. సాధన మ్యూట్‌తోనే నెలల తరబడి వాయిస్తే పెదవి ఆ ఎదురుగాలికి అలవాటుపడి, మ్యూట్ తీయగానే స్వరం కిందా మీదా అవుతుంది.

చేతితో ఆడించే ప్లంజర్ గురించి ఒక్క మాట. సింకు శుభ్రం చేసే రబ్బరు గిన్నెనే కొత్తది కొని, పిడి తీసేసి వాడతారు. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో బబ్బర్ మైలీ, తర్వాత కూటీ విలియమ్స్ ట్రంపెట్‌ని మనిషి గొంతుతో మాట్లాడించింది దీనితోనే. పూర్తిగా మూసినప్పుడు శ్రుతి తప్పకుండా ఉండాలంటే ఒక పక్క వేలెడంత సందు వదలండి, లేదా మధ్యలో రూపాయి బిళ్లంత రంధ్రం చేయించండి.

కార్కు పని చేసిన మ్యూట్‌ని వారం రోజులు వాయించాక మళ్లీ అదే అయిదు స్వరాలు కొలవండి. కొత్త కార్కు వాడకంలో కొంచెం అణుగుతుంది, మ్యూట్ ఇంకాస్త లోతుగా దిగుతుంది. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడండి. నోట్‌బుక్కులో తేదీ వేసి, పాత అంకెల పక్కనే కొత్తవి రాయండి.